వయాగ్రా గుండె మందే అయితే గుండె పేషెంట్లు ఎందుకు వేసుకోకూడదు?

మీరడిగింది ఏంటంటే, వయాగ్రా అసలు గుండె కోసం తయారుచేసిన మందట కదా, మరి గుండె జబ్బున్నవాళ్ళే వేసుకోకూడదంటారేంటి అని. నేను గుంటూరు దగ్గర 19 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నా, నాక్కూడా మొదట్లో ఇదే డౌటు.

1989లో ఇంగ్లండ్‌లో కెంట్ దగ్గర శాండ్విచ్ అనే ఊళ్ళో (అవును, తినేదాని పేరే) ఫైజర్ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో యూకే-92480 అని ఒక మందు తయారైంది, అదే సిల్డెనాఫిల్, వయాగ్రా బిళ్ళలో ఉండే మందు. బీపీకి, యాంజైనాకి, అంటే గుండెకి రక్తం సరిగ్గా అందక వచ్చే నొప్పికి పనికొస్తుందని వాళ్ళ ఆశ. తీరా ట్రయల్స్‌లో గుండె విషయంలో పెద్దగా లాభం కనపడలా, పైగా ఒంట్లో ఎక్కువసేపు ఉండదు కాబట్టి రోజుకి మూడుసార్లు వేయాల్సొచ్చేది. కానీ 1990ల మొదట్లో వేల్స్‌లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి కొన్నిరోజులు వరసగా ఇచ్చి చూస్తే ఒళ్ళునొప్పులు, కడుపులో గడబిడతో పాటు అంగస్తంభనలు కూడా అవుతున్నాయని చెప్పారు. అది విన్నవెంటనే ఎవరూ ఎగిరి గంతెయ్యలేదట. తర్వాత దాని మీదే ట్రయల్స్ చేసి 1998 మార్చి 27న అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు.

అంతకుముందు మందే లేదని కాదు, ఉంది కానీ అంగంలోకి సూదితో ఎక్కించుకోవాలి. 1983లో లాస్ వెగాస్‌లో యూరాలజిస్టుల (మూత్ర, పురుషాంగ సమస్యల డాక్టర్ల) సభలో బ్రిండ్లీ అనే బ్రిటిష్ సైంటిస్టు ముందే రూములో ఇంజెక్షన్ చేసుకునొచ్చి, స్టేజీ మీద ప్యాంటు దించి మరీ రిజల్ట్ చూపించాడు. ఆ రోజుతో పోలిస్తే బిళ్ళ అనేది ఎంత సుఖమో చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్న. రక్తనాళాలు వదులయ్యేది సీజీఎంపీ అనే పదార్థం వల్ల. దాన్నొక తొట్టిలో నీళ్ళనుకోండి. కోరిక కలిగినప్పుడు అక్కడి నరాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, అది కుళాయి తిప్పినట్టు. పీడీఈ5 అనే ఎంజైము ఆ నీళ్ళు బయటికి పోయే తూము. సిల్డెనాఫిల్ చేసేదల్లా తూము మూయడమే, అందుకే కోరిక లేకుండా ఊరికే బిళ్ళ మింగితే అంగస్తంభన రాదు, కుళాయి తిప్పందే తొట్టెలా నిండుద్ది? మరి గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఉంది చూశారూ, అది ఒళ్ళంతా కుళాయిలు తిప్పేసే రకం. పైన కుళాయి, కింద మూసిన తూము, రెండూ కలిస్తే ఒళ్ళంతా రక్తనాళాలు మరీ వదులైపోయి, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి గుండె జబ్బున్న ప్రతివాళ్ళకీ నిషేధం కాదండీ, సార్బిట్రేట్ లాంటి మందులు, అంటే నైట్రేట్లు వాడేవాళ్ళకి మాత్రం ససేమిరా కుదరదు. మిగతావాళ్ళకి డాక్టరు గుండె చూసి చెప్పాలి.

ఇదే రకం మందు, 2003లో వచ్చిన టాడాలాఫిల్ అయితే 36 గంటల దాకా పనిచేస్తుంది, అంటే ప్రమాదం కూడా అంతకంతా సాగుద్ది, అది వేసుకున్నాక కనీసం 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. ఛాతీనొప్పితో ఆస్పత్రికెళ్తే సిగ్గుపడకుండా ముందు ఈ సంగతి చెప్పండి.

మన దగ్గర 2005కి ముందు మందు మీద పేటెంట్ ఉండేది కాదు, తయారీ పద్ధతి మీదే, అందుకే ఫైజర్ వాళ్ళు 2005 చివర్లో ఇక్కడికి వచ్చేసరికే పెనెగ్రా, కావెర్టా లాంటి దేశీ సిల్డెనాఫిల్ బ్రాండ్లు షాపుల్లో పాతబడిపోయాయి. చవకైంది, మంచిదే, కాకపోతే చీటీ లేకుండా అడిగేవాళ్ళూ పెరిగారు.

మా షాపుకి ఒక రిటైర్డ్ మాస్టారు నెలనెలా గుండె మందులకి వస్తారు, అందులో సార్బిట్రేట్ ఉంటుంది. ఒకరోజు ఆడవాళ్ళంతా వెళ్ళేదాకా పక్కన నిలబడి, ఫోన్‌లో బిళ్ళ పేరు టైపు చేసి చూపించి "మా ఫ్రెండ్‌కి బాబూ" అన్నారు. ఆ ఫ్రెండు సార్బిట్రేట్ వాడతాడా మాస్టారూ అనడిగా. కాసేపు పలకలా. మీ డాక్టర్ని అడగండంటే "ఎలా అడగనయ్యా, ఆయన నా స్టూడెంటు" అన్నారు. చివరికి అడిగార్ట, బిళ్ళ రాయలేదు, యూరాలజిస్టు దగ్గరకి పంపారు. ఇప్పుడొచ్చినా అదే చీటీ, అవే మందులు, కాకపోతే పక్కన నిలబడట్లేదు.