సీరియల్ చూస్తే గుండె దడ... ఇది గుండె జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 58 ఏళ్లు. మాది ఒంగోలు. ఆయన పోయాక బెంగళూరు మారతహళ్లిలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ మాత్ర రాత్రి సీరియళ్లు అయ్యాక వేసుకుంటాను, ఒక్కోసారి మర్చిపోతుంటాను. షుగర్ లేదు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే, కన్నడం రాదు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా టీవీ, మధ్యలో రెండుసార్లు కాఫీ. ఈమధ్య ఒక సీరియల్లో కోడలిపిల్ల మీద దొంగతనం నింద వేసి ఇంట్లోంచి గెంటేశారు. అది చూస్తుంటే గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, ఏడుపు ఆగలేదు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఆ అత్త పాత్ర కనబడితే చాలు, దడ మొదలవుతోంది. అబ్బాయి టీవీ కనెక్షన్ తీయించేస్తానంటున్నాడు. కోడలు నవ్వుతోంది. నాకు వచ్చింది గుండె జబ్బా, మనసు జబ్బా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

సలహా: అమ్మా, ముందు మీ అబ్బాయిని ఆ కనెక్షన్ తీయించొద్దని చెప్పండి. మీరు రాసినదాంట్లో మనసు జబ్బు అనదగ్గది నాకేమీ కనిపించలేదు. గుండె సంగతి మాత్రం పరీక్షలు చేయకుండా తేల్చకూడదు.

కథ కల్పితమని మీకు తెలుసు. తెలిసినా ఒళ్లు ఊరుకోదు. నిందపడ్డ పిల్ల ముఖం దగ్గరగా చూపించి, వెనకాల ఆ సంగీతం మోగిస్తే మెదడు దాన్ని నిజమైన ఆపదలాగే తీసుకుంటుంది. రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోన్ వస్తుంది. నాడి వేగం, బీపీ పెరుగుతాయి, చేతులు వణుకుతాయి. సీన్ అయిపోయిన కాసేపటికి ఇవన్నీ సర్దుకోవాలి. మీకు రాత్రి రెండింటి దాకా ఎందుకు సాగిందన్నదే నేను ఆలోచిస్తున్న విషయం.

ఒక కారణం కాఫీ. తాగిన కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగిన కాఫీ అర్ధరాత్రి దాటినా మీ ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. ఇక ఎపిసోడ్ ఎప్పుడూ తెగని చోటే ఆగుతుంది, ఆపైన రేపటి ప్రోమో వేస్తారు. ఆ పిల్ల గతి ఏమైందోనని పక్క మీద పడుకుని ఆలోచించడం సహజమే.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది మీ ఒంటరితనం. ఒంగోల్లో గుమ్మంలో నిలబడితే పలకరించడానికి నలుగురుండేవాళ్లు. ఇక్కడ రోజూ వేళకి ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడే మనుషులు ఆ సీరియల్ వాళ్లే. టీవీలో కనబడేవాళ్లతో చూసేవాళ్లకు దగ్గరితనం ఏర్పడుతుందని డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. ఇది పిచ్చీ కాదు, చాదస్తమూ కాదు. కోడలమ్మాయికి కూడా ఇది చదివి వినిపించండి. ఆమె ఒక పది నిమిషాలు మీ పక్కన కూర్చుని ‘ఆ అత్త అలా ఎందుకు చేసిందత్తయ్యా?’ అని అడిగితే మీ దడ సగం తగ్గుతుందని నా నమ్మకం.

ఇక గుండె. తెర మీద చూసేదానికి గుండె మీద ప్రభావం ఉండదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో, మ్యూనిక్ ప్రాంతంలో అత్యవసర గుండె సమస్యలు మామూలు రోజులకన్నా రెండున్నర రెట్లకు పైగా నమోదయ్యాయి. అంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. మ్యాచ్ వేరు, సీరియల్ వేరు. అయినా బీపీ ఉండి, మాత్రలు మధ్యమధ్యలో తప్పుతున్న మనిషి విషయంలో నేను ధీమాగా ఉండలేను. నిజానికి మీరు రాసినవాటిలో నాకు సీరియల్ కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ మర్చిపోయే మాత్రే. మీ డాక్టర్‌ని అడిగి దాన్ని పొద్దున టిఫిన్ వేళకు మార్చుకోండి. ఆమ్లోడిపిన్ వల్ల కూడా కొందరికి దడ వస్తుంది, ఆ మాట ఆయనతో అనండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌ని కలవండి. మారతహళ్లి వైపు తెలుగు వచ్చిన డాక్టర్లు దొరుకుతారు, భాష గురించి దిగులు వద్దు. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ చేయించుకోండి. మీ వయసు ఆడవాళ్లలో దడకు థైరాయిడ్, రక్తహీనత కారణం కావడం అరుదేమీ కాదు. టీవీ కట్టేసి ఉన్నప్పుడు కూడా దడ వస్తుంటే 24 గంటల హోల్టర్ పరీక్ష, అంటే చిన్న యంత్రం ఒంటికి తగిలించి రోజంతా గుండె కొట్టుకునే తీరు నమోదు చేసే పరీక్ష, అవసరం కావచ్చు.

ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఒక వారం పొద్దున, రాత్రి చూసి రాసిపెట్టండి. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాకే చూడాలి. చూసే ముందు అరగంట కాఫీ తాగకూడదు. ఆ వారం సగటు 135/85 దాటితే మందు మార్చాల్సి రావచ్చు. ఏడుపు సీన్ నడుస్తుండగా మాత్రం మెషిన్ పెట్టుకోకండి, ఆ అంకె మిమ్మల్ని అనవసరంగా భయపెడుతుంది.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా ఎపిసోడ్ అయ్యేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండా, వికారం, నీరసంతోనే వస్తుంది. గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవడం ప్రమాదం.

సీరియళ్లు చూడండి. వేళ మాత్రం కాస్త మార్చండి. మిమ్మల్ని అంతగా ఏడిపిస్తున్న ఆ ఒక్కదాన్ని మర్నాడు పగటిపూట ఫోన్‌లో చూసుకోండి. అబ్బాయి ఐదు నిమిషాల్లో నేర్పిస్తాడు. రాత్రి భోజనం టీవీ ముందు కాకుండా ముందే చేసేయండి, మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ వద్దు. దడ మొదలైతే సౌండు తగ్గించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా ఒక ఐదు నిమిషాలు. ఎపిసోడ్ అయ్యాక ఊళ్లో అక్కకో చెల్లికో ఫోన్ చేసి ఆ అత్తని నాలుగు తిట్టుకున్నా మంచిదే, మనసు తేలికపడుతుంది.

సీరియల్‌తో పని లేకుండానే ఏడుపు వస్తూ, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోయి, రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. మీవారు లేని లోటు కూడా అందులో కలిసి ఉండొచ్చు. అప్పుడు మనసు సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే హోసూరు రోడ్డులో మానసిక, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది.

పరీక్షల రిపోర్టులు, వారం రోజుల బీపీ అంకెలు వచ్చాక మళ్లీ రాయండి. ఆ వారంలో మాత్ర మర్చిపోయిన రోజు ఉంటే అది కూడా దాచకుండా రాయండి.