స్నోమొబైల్ ఇంజన్ మొదటిసారి విప్పుతున్నారా? పిస్టన్ ఎందుకు కాలిందో ముందు తేల్చుకోండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. పాత స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) కొన్నారు. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్, లిక్విడ్ కూల్డ్. రెండో రోజే పవర్ పడిపోయింది. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూస్తే ఒకవైపు 120 పీఎస్ఐ, రెండోవైపు 60. షాపువాళ్ళు అడిగిన డబ్బు బండి ఖరీదు కంటే ఎక్కువ. ఇంతకుముందు ఏ ఇంజనూ విప్పలేదు, నేనే చేసుకోవచ్చా అని అడిగారు.

చేసుకోవచ్చు. ఆరేళ్ళ క్రితం మిన్నెసోటాలో, మా ఇంటి గరాజ్‌లో, నేనూ సరిగ్గా ఇక్కడి నుంచే మొదలుపెట్టాను. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో కారు ఇంజన్‌లాగా తలపైన వాల్వులూ, క్యామ్ షాఫ్టూ, టైమింగ్ చెయినూ ఉండవు. హెడ్, బ్లాక్, పిస్టన్లు, కింద క్రాంక్ షాఫ్ట్. ఓపిక, టార్క్ రెంచ్, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఉంటే చాలు. కానీ ఇంకా హెడ్ బోల్టుల మీద పానా పెట్టకపోతే దయచేసి ఒక్కరోజు ఆగండి.

ఎందుకంటే నేను ఆగలేదు. హెడ్ తీశాను, ఒక పిస్టన్ సైలెన్సర్ వైపు అంతా గీతలు పడి, రింగు అల్యూమినియంలో కూరుకుపోయి కనిపించింది. కొత్త పిస్టన్ కిట్టు, కొత్త ప్యాకింగులు తెప్పించి వేశాను. బండి అద్భుతంగా స్టార్ట్ అయింది. డులూత్ పైన నార్త్ షోర్ ట్రయిల్ మీద 40 మైళ్ళు తిరిగానో లేదో, అదే వైపు పిస్టన్ మళ్ళీ పట్టేసింది. డిసెంబరు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. దారిన పోతున్న ఒక పెద్దాయన నా బండి డ్రైవ్ బెల్టు తీయించి, తన బండికి తాడు కట్టి పార్కింగ్ దాకా లాక్కొచ్చారు. ఆయన మేలు నేను మరచిపోలేను.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. ఆయన దగ్గర చాలా ఏళ్ళు ఆర్ఎక్స్ 100 బైకు, అదీ టూ-స్ట్రోకే, ఉండేది, దాని ఇంజన్ పని దగ్గరుండి చేయించేవారు. అంతా విని, "పిస్టన్ మార్చావు సరే, అది ఎందుకు పోయిందో చూశావా? ఎక్కడో గాలి లాగుతోందిరా" అన్నారు. స్నోమొబైల్‌ని ఆయన ఎప్పుడూ చూడలేదు. చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

టూ-స్ట్రోక్‌లో పిస్టన్ కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే పెట్టె, అంటే క్రాంక్ కేసే, పంపులాగా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసి కిందికి వస్తాయి. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఎక్కడైనా సన్నటి పగులు ఉంటే, అక్కడి నుంచి వట్టి గాలి లోపలికి పోతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, మంట వేడెక్కుతుంది. వేడిని తగ్గించేది ఆ పెట్రోలే. అందుకే పిస్టన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే సైలెన్సర్ వైపు ముందు కరుగుతుంది. నా బండిలో పగులు కార్బొరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు బూటులో ఉంది. మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. వేళ్ళతో వంచితే నోరు తెరుచుకుంది.

అందుకే ఇప్పుడే, విప్పకముందే, ప్రెషర్ టెస్ట్ చేయండి. దోషం ఇంకా బండిలోనే ఉంది, అది మీకు దొరుకుతుంది. కార్బొరేటర్లు, సైలెన్సర్ తీసేయండి. రబ్బరు బూట్లను బిరడాలతో మూసి క్లాంప్ బిగించండి. సైలెన్సర్ వైపు రబ్బరు షీటు పెట్టి పైన రేకుతో బిగించండి. పెట్రోలు పంపుకి వెళ్ళే పల్స్ గొట్టాన్నీ మూయాలి, చాలామంది దీన్ని మరచిపోతారు. స్పార్క్ ప్లగ్గులు బిగించే ఉండాలి. ఒక బిరడాకి చిన్న గొట్టం పెట్టి చేతి పంపుతో 6 పీఎస్ఐ ఎక్కించండి. అంతకంటే చాలా ఎక్కువ వద్దు, క్రాంక్ సీళ్ళు ఊడి రావచ్చు. ఆరు నిమిషాల్లో 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. పడిపోతే సబ్బునీళ్ళు చల్లి ఎక్కడ నురగ వస్తుందో చూడండి: బూట్లు, బ్లాక్ కింది ప్యాకింగ్, క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్ల సీళ్ళు. రెండు సిలిండర్లకీ విడివిడిగా చేయాలి.

గాలి ఎక్కడా పోకపోతే కార్బొరేటర్ విప్పండి. వేసవంతా నిలవ ఉన్న పెట్రోలు జిగురైపోయి పైలట్ జెట్ మూసుకుపోవడం చాలా మామూలు. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే ఆ సన్నటి రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. ఆయిల్ పంపు కేబుల్ కూడా చూడండి, థొరెటల్‌తో పాటు మాన్యువల్‌లో చెప్పిన గుర్తు దగ్గరికి రావాలి.

ఇక విప్పడం. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి, బోల్టులు వేరువేరు కవర్లలో వేసి పేరు రాయండి. బ్లాక్ పైకి లేపగానే కింద క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. గజన్ పిన్నుని (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను) పట్టి ఉంచే సర్క్లిప్ ఎగిరి అందులో పడితే ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

పిస్టన్ చేతికి వచ్చాక తొందరగా పారేయకండి. సైలెన్సర్ వైపు మాత్రమే కాలితే పైన చెప్పిన కథ. నాలుగు మూలల్లో నిలువు గీతలు ఉంటే, చల్లగా ఉన్న ఇంజన్‌ని వేడెక్కనివ్వకుండా లాగారని అర్థం: పిస్టన్ ముందు ఉబ్బుతుంది, చుట్టూ చల్లటి నీళ్ళున్న బోరు (సిలిండర్ లోపలి గోడ) ఉబ్బదు. నడి నెత్తిన చిల్లు పడితే డిటోనేషన్ (మిశ్రమం సరిగ్గా మండకుండా ఒక్కసారిగా పేలడం), అంటే పెట్రోలు ఆక్టేన్, టైమింగ్, జెట్‌ల వైపు చూడాలి.

బోరు దగ్గర మన ఊరి అలవాటు పనికిరాకపోవచ్చు. అక్కడ పాత టూ-స్ట్రోక్ బళ్ళలో ఇనుప స్లీవ్ ఉండేది, బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్ వేయించేవాళ్ళం. చాలా స్నోమొబైళ్ళలో అల్యూమినియం బ్లాక్ మీద నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది, దాన్ని అలా చెక్కకూడదు. మీది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి. నికాసిల్ అయితే, గోడకి అంటుకున్నది సాధారణంగా పిస్టన్ అల్యూమినియమే, పూత కింద బాగానే ఉండవచ్చు. మ్యూరియాటిక్ యాసిడ్‌ని దూది పుల్లతో ఆ మరకల మీద మాత్రమే రాస్తే పొంగుతూ కరుగుతుంది. పోర్టుల అంచుల్లో, మిగతా బ్లాక్ మీద పడనివ్వకండి. ఆరుబయట, గ్లవ్స్, కళ్ళద్దాలతోనే చేయండి. తర్వాత నీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి వెంటనే ఆయిల్ రాయండి. మరక పోయాక కూడా అదే చోట యాసిడ్ పొంగుతుంటే పూత ఊడిపోయిందని గుర్తు, బ్లాక్‌ని పూత వేసే చోటికి పంపాల్సిందే.

క్రాంక్ కూడా చూడండి. కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ లాగితే అసలు కదలకూడదు. పక్కలకి కొద్దిగా కదిలితే పరవాలేదు. మెల్లగా తిప్పినప్పుడు ఇసుక పడినట్టు గరగర వినిపిస్తే పిస్టన్ ముక్కలు బేరింగుల్లోకి వెళ్ళాయి. అప్పుడు పైభాగం మాత్రమే బాగుచేయడం డబ్బు వృథా.

బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. రింగుల చివరలు గాడిలో ఉన్న చిన్న పిన్నులకి ఇరుపక్కలా కూర్చోవాలి. అంతకుముందే ప్రతి రింగునీ బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, రింగు చివరల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకుల కొలత సాధనం) కొలవండి. నా బోరు 72 మిల్లీమీటర్లు, గ్యాప్ సుమారు 0.3 వచ్చింది. సర్క్లిప్‌లు ఎప్పుడూ కొత్తవే. హెడ్ బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. కార్బొరేటర్లు పెట్టకముందే ప్రెషర్ టెస్ట్ మళ్ళీ చేయండి.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పంపులో గాలి తీయాలి. పైపులో ఒక్క బుడగ కూడా కనిపించకూడదు. మొదటి ట్యాంకుకి దానికి తోడు పెట్రోలులోనే 50:1 లెక్కన టూటీ ఆయిల్ కలపండి, 5 గాలన్లకి దాదాపు 380 మిల్లీలీటర్లు. కూలెంట్‌లో గాలి తీయడానికి బండి ముందు భాగం ఎత్తి పెట్టండి. గరాజ్ తలుపు మూసి ఇంజన్ నడపకండి, ఎంత చలిగా ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. వేడెక్కాక ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మూడుసార్లు అలా చేయండి. స్టాండ్ మీద ఎక్కువసేపు నడపకూడదు: ఈ బండి కూలర్లు కింద టన్నెల్‌లో (ట్రాక్ పైన ఉండే రేకు గూడు) ఉంటాయి, వాటిని చల్లబరిచేది ట్రాక్ ఎగజిమ్మే మంచే.

నాకు రెండోసారి పిస్టన్, ప్యాకింగులు, రెండు బూట్లకి కలిపి 300 డాలర్ల దాకా అయింది, నాలుగు వారాంతాలు పట్టింది. అప్పటి నుంచి అదే ఇంజన్ నడుస్తోంది, రెండువైపులా 120 దగ్గరే ఉంది.

ప్రెషర్ టెస్ట్ చేశాక గేజ్ ఎంత పడిందో, నురగ ఎక్కడ వచ్చిందో ఇక్కడే రాయండి. బూటు అయితే తేలిక. క్రాంక్ సీలు అయితే చాలా ఇంజన్లలో కేసు రెండుగా విడదీయాలి, ఆ పని వివరంగా చెప్తాను.