జనన పత్రంలో ‘ఋతంభర’ కాస్తా ‘రితంబర’ అయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు ఋతంభర అని పేరు పెట్టాం. మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో ‘రితంబర’ అని పడింది. ఇంగ్లీషు స్పెల్లింగూ అలాగే ఉంది. పాపకు ఏడు నెలలు. ముందు ఆధార్ తీసుకుని, ఇది తర్వాత దిద్దించుకోవచ్చా?

జవాబు: వద్దండీ, ముందు జనన పత్రమే దిద్దించండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి ఈ పత్రం ఒక్కటే రుజువు. బడిలో చేర్చేటప్పుడూ ఇదే అడుగుతారు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితకాలంలో రెండే అవకాశాలు. వాటిలో ఒకటి ఇప్పుడే పోగొట్టుకోకండి.

దరఖాస్తుకు ముందు ఇంగ్లీషు అక్షరాలు ఖాయం చేసుకోండి. ఋను మనం ‘రు’ అంటాం, ఉత్తరాదివారు ‘రి’ అంటారు. ‘త’కు మనం టి పక్కన హెచ్ వేస్తాం, వాళ్లు వట్టి టి రాస్తారు. బి తర్వాత హెచ్ వేయకపోతే ‘భ’ ఒత్తు పోయి ‘బ’ అవుతుంది. అధికారులు పోల్చి చూసేది అక్షరాలనే, ఉచ్చారణను కాదు. మన ఉచ్చారణకు దగ్గరగా ఉండేది ఇది: ఆర్-యు-టి-హెచ్-ఏ-ఎం-బి-హెచ్-ఏ-ఆర్-ఏ. ఇంటిపేరు కూడా పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టుకు పొడి అక్షరాలు పనికిరావు.

తప్పు ఎక్కడ దొర్లిందో కూడా తెలుసుకోవాలి. ఆసుపత్రి పంపిన జనన నివేదికలో పేరు సరిగ్గా ఉండి రిజిస్టరులో తప్పుపడితే అది రాతపొరపాటు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారే విచారించి దిద్దుతారు. నివేదికలోనే తప్పుంటే, విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల వాంగ్మూలం అడగవచ్చు. తల్లిదండ్రులిద్దరి ఆధార్, పాత పత్రం, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, నోటరీ చేయించిన ప్రమాణపత్రం దగ్గర పెట్టుకోండి. పాత నమోదును చెరపరు, పక్కన సవరణ రాసి తేదీతో సంతకం చేస్తారు. గెజిట్‌లో ప్రకటన వేయిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. దానివల్ల జనన రిజిస్టరు మారదు.

రిజిస్ట్రార్ కాదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. అది అందిన 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 90 రోజుల్లో తేల్చాలి.

కొత్త పత్రం చేతికి రాగానే, కౌంటరు దగ్గరే నిలబడి తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ పాప పేరు, మీ ఇద్దరి పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి.