ఐఫోన్‌కి స్పైవేర్ హెచ్చరిక వస్తే ఫోన్ రీసెట్ కొట్టేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: పౌరహక్కుల సంఘంలో పనిచేసే మీ బాబాయిగారి ఐఫోన్‌కి ఆపిల్ నుంచి 'మెర్సినరీ స్పైవేర్' (కంపెనీలు డబ్బుకి అమ్మే గూఢచారి సాఫ్ట్‌వేర్) హెచ్చరిక వచ్చింది, మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టుకుంటే చాలా అని. ఇప్పుడే తుడవకండి. రీసెట్ కొడితే దొంగతోపాటు వాడి వేలిముద్రలూ పోతాయి.

ముందు ఆ మెయిల్ అసలుదో కాదో చూడండి. ఆపిల్ హెచ్చరికలో లింకు నొక్కమనిగానీ, యాప్ వేసుకోమనిగానీ, పాస్‌వర్డ్ చెప్పమనిగానీ ఉండదు. అకౌంట్ డాట్ ఆపిల్ డాట్ కామ్ అని బ్రౌజర్లో స్వయంగా టైపు చేసి లాగిన్ అయితే పేజీ పైనే అదే హెచ్చరిక కనబడాలి. లేకపోతే అది ఉత్త ఫిషింగ్, అంటే మోసపు మెయిల్. 2023 అక్టోబర్ 31న మహువా మొయిత్రా, శశి థరూర్, హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ వంటి ప్రతిపక్ష నేతలకు వచ్చినవి ఇలాంటి అసలు ఆపిల్ హెచ్చరికలే. అప్పట్లో ప్రభుత్వ అండ ఉన్న దాడి అని రాసేవారు, 2024 ఏప్రిల్‌లో ఆ మాట తీసి 'మెర్సినరీ స్పైవేర్' అని పెట్టారు. ఏ ప్రభుత్వమో ఆపిల్ ఎప్పుడూ చెప్పదు. ఇంకో సంగతి, హెచ్చరిక వచ్చిందంటే గురి పెట్టారని అర్థం. లోపలికి దిగారా లేదా అన్నది ఫోన్ చూస్తేనే తేలుతుంది.

'బాబాయి ఏ లింకూ నొక్కలేదు' అన్నారు. 2016లో అయితే ఆ మాటకు విలువ ఉండేది. ఆ ఆగస్టులో ఎమిరేట్స్ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కి, జైళ్లలో చిత్రహింసల రహస్యాలంటూ ఎస్ఎంఎస్‌లో లింకు వచ్చింది. ఆయన నొక్కకుండా టొరంటోలో ఇలాంటి నిఘాపై పరిశోధన చేసే సిటిజన్ ల్యాబ్‌కి పంపారు. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ స్పైవేర్ పెగాసస్ బయటపడింది, ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 9.3.5 విడుదల చేసింది. ఇప్పుడు నొక్కక్కర్లేని దాడులు వచ్చాయి.

బ్యాకప్ ఎందుకు దాచాలో 2021 నాటి ఫోర్స్‌డ్‌ఎంట్రీ, అంటే ఏమీ నొక్కకుండానే ఐఫోన్లోకి పెగాసస్‌ని దింపిన దాడి, చెబుతుంది. ఒక సౌదీ కార్యకర్త ఫోన్‌ని మార్చిలో పరిశీలించినప్పుడు సిటిజన్ ల్యాబ్ ఐట్యూన్స్ బ్యాకప్ తీసి ఉంచింది. నెలల తర్వాత అదే బ్యాకప్‌ని మళ్లీ తవ్వితే మెసేజ్ అటాచ్‌మెంట్లలో 'జిఫ్' అని పేరున్న ఫైళ్లు దొరికాయి. వాటిలో 27 ఒకే ఫైలుకు నకళ్లు. 748 బైట్ల ఫోటోషాప్ ఫైలు అది. ఇంకో నాలుగు నిజానికి పీడీఎఫ్‌లు, తాళం తీసిన పనిముట్టు వాటిలోనే ఉంది. సెప్టెంబర్ 7న ఆపిల్‌కి పంపితే 13న ఐఓఎస్ 14.8తో ఆ కన్నం మూసేశారు. మార్చిలోనే ఫోన్ తుడిచేసి, బ్యాకప్ లేకపోయి ఉంటే ఆ ఫైళ్లు దొరికేవే కావు.

ఇప్పుడు పని. మొదట సిస్‌డయాగ్నోజ్ తీయండి, అది ఫోన్ తన లోపలి లాగ్‌లన్నీ (పనుల చిట్టాలు) కట్టి ఇచ్చే ఫైలు. రెండు వాల్యూమ్ బటన్లూ, సైడ్ బటనూ కలిపి ఒకటి, ఒకటిన్నర సెకను నొక్కి వదలండి. ఎక్కువసేపు పట్టుకుంటే పవర్ ఆఫ్ తెర వచ్చేస్తుంది, అందరూ చేసే తప్పు ఇదే. చిన్న వైబ్రేషన్ వచ్చాక పది నిమిషాలు ఆగి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్, అనలిటిక్స్ డేటాలోకి వెళ్లి ఆ పేరుతో మొదలయ్యే ఫైల్‌ని కంప్యూటర్‌కి పంపండి. ఇందులో ఉండే షట్‌డౌన్ లాగ్ ముఖ్యం. రీస్టార్ట్ చేసేటప్పుడు మూసుకోకుండా మొరాయించిన ప్రాసెస్‌ల (లోపల నడిచే ప్రోగ్రాముల) పేర్లు అందులో పడతాయి. నెలల తరబడి రీస్టార్ట్ చేయని ఫోన్లో ఆ నెలల సంగతి అందులో ఉండదు.

తర్వాత ఫైండర్ లేదా ఐట్యూన్స్‌తో కంప్యూటర్లోకి బ్యాకప్. 'ఎన్‌క్రిప్ట్' టిక్కు పెట్టి తీరాలి. అది లేకపోతే సఫారీ హిస్టరీ, కాల్ హిస్టరీ బ్యాకప్‌లోకి రావు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. డీక్రిప్ట్ చేసిన నకలుకీ చోటు కావాలి కాబట్టి బ్యాకప్‌కి రెట్టింపు ఖాళీ ఉంచండి. బ్యాకప్ ఫోల్డర్‌ని ఒకే జిప్ ఫైలుగా కట్టి, దానికీ సిస్‌డయాగ్నోజ్ ఫైలుకీ ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, తేదీతో రాసి, రెండు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టండి. రేపు కోర్టుకి వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ అడుగుతారు.

ఇది అయ్యాకే ఐఓఎస్ అప్‌డేట్, లాక్‌డౌన్ మోడ్ (దాడికి దారులు తగ్గించే ఐఫోన్ సెట్టింగ్), రీస్టార్ట్. అన్నీ అదే రోజు, వాయిదా వద్దు.

పరీక్షకు హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్ల ఎంవీటీ (మొబైల్ వెరిఫికేషన్ టూల్‌కిట్) అనే ప్రోగ్రాం ఉచితం, లైనక్స్ లేదా మ్యాక్ మీద నడుస్తుంది. బ్యాకప్ డీక్రిప్ట్ చేసి, స్పైవేర్ వదిలే గుర్తుల తాజా జాబితా (ఆనవాళ్ల జాబితా) దించుకుని, చెక్ నడపాలి. జాబితా దించకుండా నడిపి 'ఏమీ లేదు' అనుకునేవాళ్లు బోలెడు మంది. డేటా వాడకం నమోదయ్యే డేటాబేస్ దగ్గర ఆగి చూడండి. పెగాసస్ అసలు ప్రాసెస్‌ల పేర్లకు దగ్గరగా ఉండే పేర్లు పెట్టుకునేది: లాంచ్‌డీకి లాంచ్‌రెక్స్‌డీ, ఎఫ్ఎంఎఫ్‌డీకి ఎఫ్ఎంఎల్‌డీ. తర్వాత్తర్వాత ఒక పట్టికలో తన పేరు చెరిపేయడం మొదలుపెట్టింది, కానీ పక్క పట్టికలో వాడిన డేటా లెక్క అలాగే మిగిలిపోయింది. పేరు లేని లెక్క కనబడితే అనుమానించాల్సిందే.

శుభ్రంగా ఉందని వచ్చినా నిశ్చింత వద్దు, ఎంవీటీ బయటికి తెలిసిన ఆనవాళ్లనే వెతుకుతుంది. సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు చూస్తే ఐదింటిలో మాల్‌వేర్ ఉందని తేలింది, అది పెగాససేనని మాత్రం తేలలేదు. ఆండ్రాయిడ్ అయితే ఇంకా కష్టం, లాగ్‌లు త్వరగా చెరిగిపోతాయి. ఇక మన దగ్గర అందరూ కలిపేసే ఫోన్ ట్యాపింగ్ వేరు. అది టెలికాం కంపెనీ వైపు జరిగితే ఫోన్‌లో ఏ జాడా ఉండదు, ఎంవీటీకి దొరకదు.

ఆ బ్యాకప్‌లో బాబాయిగారితో మాట్లాడిన ప్రతి ఒక్కరి మెసేజ్‌లూ ఉంటాయి, వీధిలో ఫోన్ రిపేరు షాపుకి ఇవ్వకండి. యాక్సెస్ నౌ సంస్థ డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్ కార్యకర్తలకు ఉచితం, 24 గంటలూ ఉంటుంది. వాళ్లకి రాసేటప్పుడు మాత్రం ఆ ఫోన్ నుంచి కాదు, అందులో లాగిన్ అయి ఉన్న మెయిల్ నుంచీ కాదు.