కథ అల్లి పలకరించాలనుకునే అబ్బాయికి

తిరుపతి

నాయనా,

ఆశీస్సులు. అమ్మాయిలతో మాట కలపాలంటే ఏదో ఒక కథ చెప్పి, "మీరేమంటారు?" అని అడిగితే చాలని నీ స్నేహితుడు చెప్పాడన్నావు. ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీ కౌంటరు వెనక చేసినదాన్ని, ఇలాంటి పలకరింపులు చాలానే విన్నాను. ఎక్కువగా వినిపించే కథ ఒకటే: "నా ఫ్రెండు ప్రేమించిన అమ్మాయి పాత స్నేహితుడితో ఇంకా మాట్లాడుతోందట, వాడేం చేయాలంటారు?" ఆ లేని ఫ్రెండుకు ఎంతమంది ఆడపిల్లలు సలహాలిచ్చారో! కాస్త చురుకైన పిల్లయితే "ఎన్నాళ్ల పరిచయం? ఏ ఊరు వాళ్లది?" అని ఆరా తీస్తుంది. అక్కడ మనవాడు నీళ్లు నములుతాడు.

అభిప్రాయం అడగడం తప్పు కాదు. కాకపోతే ఆ జవాబు నీకు నిజంగా పనికిరావాలి. మీ అమ్మ మోకాళ్ల నొప్పులతోనే కొండకు నడిచి వెళతానంటోంది కదా. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. లెక్క చూస్తే రెండోదే నయమనిపిస్తుంది, కానీ అది నిటారు. అలిపిరిలో గాలిగోపురం దాకా కష్టపడితే తర్వాత చాలాదూరం తేలిక. చివర్లో మోకాళ్ల పర్వతం మాత్రం ఊపిరి ఆడనివ్వదు. తిరుపతిలో పెరిగిన ఏ పిల్లకైనా దీనిమీద గట్టి అభిప్రాయమే ఉంటుంది. "మా అమ్మకు మోకాళ్ల నొప్పులండీ. ఏ దారిన తీసుకెళ్లమంటారు?" అంతకుమించి కథ అక్కర్లేదు. ఆమె చెప్పింది వినాలి సుమా! కొందరు సలహా అడిగి, జవాబు పూర్తికాకముందే "అలా కాదండీ" అంటూ ఉపన్యాసం అందుకుంటారు. అంత తెలిసినవాడు అడగడం దేనికి?

అక్క సీమంతానికి చీర గురించి కూడా అడగవచ్చు. ముందు నువ్వే రెండు ఎంచుకుని ఉండు, వెంకటగిరి నూలుదా, శ్రీకాళహస్తి కలంకారీదా అని. ఊరికే "ఏ చీర బాగుంటుంది?" అంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

తిరుమల బస్సులో పక్క సీటు అమ్మాయిని మాత్రం కదపకు. ఘాట్ రోడ్డు మధ్యలో ఆమె దిగిపోలేదు. దర్శనం క్యూలోనూ అంతే. పుస్తకాల ప్రదర్శనో, క్యాంటీనో, ఇష్టం లేకపోతే ఆమె లేచి వెళ్లగలిగిన చోటు చూసుకో. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఆ రోజుకు వదిలెయ్. "ఏమోనండీ, తెలియదు" అని ముక్తసరిగా అంటే అదే జవాబు. "సరేనండీ" అని కదిలిపో, ఇంకో కథ ఎత్తుకోకు. "సిస్టర్" అని మొదలుపెట్టి వారం తిరక్కుండా ఫోను నంబరు అడిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

మాట సాగితే నీ పేరు, నువ్వేం చేస్తున్నావో ముందు నువ్వే చెప్పు. ఆమె చెప్పిన దారినే అమ్మను తీసుకెళ్లావనుకో, మళ్లీ కనిపించినప్పుడు నడక ఎలా సాగిందో ఆమెకు చెప్పు. నాకూ ఒక ఉత్తరం రాయి, మీ అమ్మ నొప్పి సంగతి నాతో ఫోనులో ఎప్పుడూ నిజం చెప్పదు.

ఇట్లు,
పెద్దమ్మ