మోదుగ పువ్వు అంటే తిట్టా?

ప్రశ్న: మార్కులు తగ్గినప్పుడల్లా మా మామగారు మా అబ్బాయిని "ఒట్టి మోదుగ పువ్వువిరా" అంటుంటారు. చూడ్డానికే తప్ప వాసన ఉండదని అర్థమట. మొన్న బస్సులోంచి చూస్తే అడవంతా మోదుగలు విరగబూసి ఉన్నాయి. అంత అందమైన పువ్వు తిట్టెలా అయింది? దాని గురించి మంచి కథలే లేవా?

జవాబు: అది మీ మామగారి సొంత తిట్టేం కాదండీ. రూపం, వయసు, వంశం అన్నీ ఉన్నా చదువు లేనివాళ్లు వాసన లేని మోదుగ పూలేనని, "నిర్గంధా ఇవ కింశుకాః" అని హితోపదేశంలోనే ఉంది.

నన్నడిగితే ఇందులో పువ్వు తప్పేం లేదు. అది మన ముక్కు కోసం పూయలేదు, పిట్టల కోసం పూసింది. పిట్టల్ని పిలవడానికి వాసనతో పనేముంది, రంగు చాలు. అందుకే ఆకులు దాదాపు అన్నీ రాల్చేసి, అడ్డం లేకుండా కొమ్మంతా మంట పెట్టినట్టు పూస్తుంది. తేనెపిట్టలు, గోరింకలు వచ్చి తేనె తాగి, తలకి పుప్పొడి పూసుకుని ఇంకో చెట్టుకు పోతాయి. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని చూడండి: కింద మసి రంగు మఖమల్ గిన్నె, అందులోంచి వంకీ తిరిగిన నారింజ రేక, అచ్చం చిలక ముక్కే. 'కిం శుకః', అంటే 'ఇది చిలకా ఏంటి?' అన్న మాట నుంచే కింశుకం అనే పేరొచ్చిందని చెప్తారు.

కథ అడిగారు కదా, అందులోనూ పిట్టే ఉంది. గాయత్రి పక్షి రూపంలో స్వర్గం నుంచి సోమాన్ని (యజ్ఞాల్లో రసం తీసే సోమలతని) తెస్తుంటే ఒక ఈక తెగి కిందపడిందని, అదే మోదుగ చెట్టయిందని వేదం చెప్తుంది. ఒడుగులో వటువు చేతికి మోదుగ దండం ఇవ్వడం, హోమంలో మోదుగ సమిధలు వేయడం ఇప్పటికీ చూస్తాం. మరి చదువు మొదలుపెట్టే పిల్లాడి చేతికిచ్చే కర్రా, చదువు రానివాడికి పెట్టే పేరూ ఒకే చెట్టువైతే ఎలాగండీ! ఈ మాట మీ మామగారిని అడగండి. మహాభారతంలోనైతే ఒళ్లంతా గాయాలై నెత్తురోడుతున్న వీరుల్ని పూసిన మోదుగలతోనే పోల్చారు. మోదుగకి పలాశ అనే పేరు కూడా ఉంది; 1757లో యుద్ధం జరిగిన బెంగాల్లోని ప్లాసీకి కూడా ఈ పలాశ చెట్ల వల్లే ఆ పేరు వచ్చిందంటారు.

కాముని పున్నమికి రాలిన పూలు ఏరుకొచ్చి నీళ్లలో మరిగించి రాత్రంతా ఉంచండి, పొద్దున్నకి పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే ఇంకా చిక్కబడుతుంది. మీ మామగారి తెల్ల పంచె మాత్రం ముందే తీసి దాచండి.