ర్యాపర్ చెప్పే చరిత్రను నమ్మవచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అకాలా అనే బ్రిటన్ ర్యాపర్ ప్రసంగాలు రోజూ విని, జాతి వివక్ష విషయంలో ఆయన మాటే ప్రమాణమంటున్నాడు. పాటలు పాడే మనిషి చరిత్ర గురించి, అసమానతల గురించి చెప్పేదానికి ఎంత విలువ ఇవ్వవచ్చు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అకాలా చరిత్రలో పట్టా పుచ్చుకున్నవారు కారు, 2018లో బ్రైటన్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాలు ఇచ్చినవి గౌరవ డాక్టరేట్లు మాత్రమే. అయినా, మీరు తూచవలసింది ఆయన వృత్తిని కాదు, వాదనను. (పాట ద్వారా రాజకీయం నేర్చుకోవడం మీ జిల్లావారికి కొత్తేమీ కాదు కదా.)

ఆయన అసలు పేరు కింగ్స్‌లీ డేలీ. 1983లో పుట్టి, ఉత్తర లండన్‌లోని కామ్‌డెన్‌లో పేదరికంలో పెరిగారు. తండ్రిది జమైకా మూలాలున్న కుటుంబం, తల్లి శ్వేతజాతీయురాలు. 2006లో ఉత్తమ హిప్-హాప్ కళాకారుడిగా, నల్లజాతి మూలాలున్న సంగీతానికి బ్రిటన్‌లో ఇచ్చే మోబో అవార్డు అందుకున్నారు. 2018లో వచ్చిన 'నేటివ్స్' ఆయనను రచయితగా నిలబెట్టింది.

ఆ పుస్తకంలో ఆత్మకథ, చరిత్ర పక్కపక్కనే నడుస్తాయి. బడిలో ఒక తెల్ల పిల్లవాడు రంగు పేరుతో తిట్టాడని అయిదేళ్ల వయసులో తల్లికి చెప్పుకుంటూ, ఆమె కూడా తెల్లమనిషేనని అప్పుడే గ్రహించడం ఒక ఘట్టం. చదువులో చురుకైనవాడే అయినా, కొన్నాళ్లకు బడివారు ఆయనను ప్రత్యేక శిక్షణ అవసరమైన పిల్లల్లో చేర్చారు. ఇది ఒక్క పిల్లవాడికి జరిగిన అన్యాయమైతే అంతటితో పోయేది. కానీ కరీబియన్ కుటుంబాల పిల్లలను బ్రిటన్ బడులు మందబుద్ధులుగా ముద్ర వేస్తున్నాయని గ్రెనడా నుంచి వచ్చిన బెర్నార్డ్ కోర్డ్ 1971లోనే ఒక చిన్న పుస్తకం రాశారు. ఆ బడులపై నమ్మకం చాలక నల్లజాతి తల్లిదండ్రులు శనివారాల్లో సొంతంగా బడులు నడిపారు. అకాలాకు చరిత్ర పట్ల ఆసక్తి కలిగింది అలాంటి శనివారపు బడిలోనే కనుక, ఆయన పాట మాని చదువుకు మళ్లారనడం సరికాదు.

ఆయన వాదనలో నాకు గట్టిగా తోచేది, జాతిని వర్గం నుంచి విడదీయకపోవడం. లండన్‌లో కుర్రాళ్ల కత్తిపోట్లను పత్రికలు నల్లజాతి సమస్యగా చూపినప్పుడు, ఆయన స్కాట్లండ్ నగరం గ్లాస్గోను గుర్తుచేస్తారు. అక్కడ కత్తులు పట్టినవారిలో అత్యధికులు తెల్లజాతి పేద కుర్రాళ్లే. అక్కడి పోలీసులు 2005లో ప్రత్యేక విభాగం పెట్టి, హింసను ప్రజారోగ్య సమస్యగా ఎదుర్కొన్నారు. అలాగే, బానిసత్వ రద్దుకు 1833లో చట్టం చేసిన బ్రిటన్ పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది బానిసలకు కాదు, వారి యజమానులకు. అందుకోసం చేసిన అప్పు 2015 దాకా తీరలేదు. ఇటువంటి వివరాలు ఎవరు చెప్పినా రికార్డుల్లో సరిచూసుకోదగినవే.

ప్రశ్న: వీడియోలు చాలవా, పుస్తకం కూడా చదవాలా?
– అదే పాఠకుడు

జవాబు: చదవాలి. చర్చావేదికపై ఆయన వేగం అబ్బురపరుస్తుంది కానీ, విన్న లెక్కను సరిచూసుకునే వ్యవధి శ్రోతకు దొరకదు. ఒక్క వీడియోకు మాత్రం మినహాయింపు ఇస్తాను. 2009లో హిప్-హాప్ షేక్‌స్పియర్ కంపెనీని స్థాపించిన అకాలా, వేదికపై కొన్ని పంక్తులు చదివి, అవి షేక్‌స్పియర్‌వా, ర్యాపర్లవా చెప్పమని సభను అడుగుతారు. చదువుకున్నవారు కూడా తడబడతారు.

పుస్తకంలో మండేలానూ క్యాస్ట్రోనూ పోల్చిన అధ్యాయంతో నేను పూర్తిగా ఏకీభవించను. అంగోలాలో నాటి వర్ణవివక్ష దక్షిణాఫ్రికా సైన్యాన్ని ఎదిరించిన క్యూబా పాత్రను గుర్తుచేయడం న్యాయమే; అయితే క్యాస్ట్రో తన పౌరుల నోరు నొక్కిన తీరుకు అందులో ఇంకాస్త చోటు దక్కవలసింది. మీ అబ్బాయి చేత ముందుగా ఆ అధ్యాయమే చదివించి, ఎక్కడ ఒప్పుకుంటాడో, ఎక్కడ ఒప్పుకోడో అడిగి చూడండి.